ముందు మాట వినండి, ఫోను సంగతి తర్వాత

పిల్లలూ ఇంటర్నెట్టూ అన్న విషయం మీద మీ ఇబ్బందులు రాయమని కిందటి సంచికలో అడిగాం. ఉత్తరాలు బాగా వచ్చాయి. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక నేను స్కూళ్లు తిరిగి పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ మాట్లాడుతున్నది ఈ సంగతే కాబట్టి, జవాబులు రాసే పని నాకు అప్పగించారు. పెద్దవాళ్లు రాసిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఫోనుకి తాళం ఎలా వేయాలని. పిల్లలు రాసిన ఉత్తరాల్లో ఉన్నది వేరు: “ఇంట్లో చెబితే ఫోను లాక్కుంటారు, అందుకే చెప్పలేదు” అని. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నా జవాబుల్లో ఆ రెండో మాటే మళ్లీ మళ్లీ వస్తుంది, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: టీచర్ గారూ, మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. దసరా సెలవులకి వచ్చినప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. అన్నం తినడు, ఫోను మోగితే ఉలిక్కిపడతాడు. నా ఫోన్‌పే చూసుకుంటే ఎవరెవరి పేర్లకో పన్నెండు వేలు వెళ్లాయి. గట్టిగా అడిగితే ఏడ్చేశాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో అమ్మాయి పరిచయమైందట, రాత్రి వీడియో కాల్ చేసిందట. తర్వాత వీడి వీడియో వీడికే పంపి, డబ్బు ఇవ్వకపోతే మీ చుట్టాలందరికీ పంపుతామన్నారట. కోపంలో రెండు దెబ్బలు వేశాను, ఫోను నేలకేసి కొట్టాను. ఇప్పుడేం చేయాలి? పోలీసుల దగ్గరికి వెళితే మా వాడి మీదే కేసు పెడతారా? — ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: ఈ కాగితం పక్కన పెట్టి ముందు అబ్బాయి దగ్గరికి వెళ్లండి. “తప్పు చేసింది వాళ్లు, నువ్వు కాదు. ఇక ఇది నా పని, నేను చూసుకుంటాను” అని చెప్పండి. ఇలాంటి బెదిరింపుల్లో పిల్లల ప్రాణం మీదికి వచ్చేది ఆ వీడియో వల్ల కాదు, నాన్నకి తెలిస్తే ఏమవుతుందోనన్న భయం వల్ల. ఆ భయంతో ప్రాణాలు తీసుకున్న పిల్లలు ఉన్నారు. అందుకని కొన్ని రాత్రులు వాణ్ణి ఒంటరిగా పడుకోనివ్వకండి. మీతో మాట్లాడలేకపోతే 14416కి ఫోన్ చేయించండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడతారు.

కేసు గురించి. మీ అబ్బాయికి పద్దెనిమిది నిండలేదు, కాబట్టి చట్టం దృష్టిలో వాడు బాలుడు, ఈ నేరంలో బాధితుడు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల అశ్లీల దృశ్యాలు తీయడం, దాచుకోవడం, పంచడం పిల్లలని లైంగిక నేరాల నుంచి కాపాడడానికి తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం. ఐటీ చట్టంలో 67బి సెక్షన్ కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా పడవచ్చు. భయపడాల్సింది అవతలివాళ్లు.

ఆ “అమ్మాయి” చాలాసార్లు అమ్మాయే కాదు. ముందే తీసి పెట్టుకున్న ఒక వీడియోని కాల్‌లో ఆడిస్తారు. అవతల పిల్లవాడు చేసేదంతా తెర మీద రికార్డు చేసుకుంటారు. అంతకుముందే వాడి ఫాలోవర్ల జాబితా ఫొటో తీసి పెట్టుకుంటారు, “ఇదిగో మీ అక్క, ఇదిగో మీ సారు” అని బెదిరించడానికి. ఒకసారి డబ్బు పంపితే ఆగరు. ఇచ్చే ఇల్లు దొరికిందనుకుని ఇంకా అడుగుతారు. కొన్నాళ్లకి పోలీసు దుస్తుల ఫొటో పెట్టుకున్న నంబరు నుంచి ఇంకొకడు ఫోన్ చేసి “మీ అబ్బాయి మీద కేసు నమోదైంది, వీడియో తీసేయించాలంటే ఇంత కట్టండి” అనవచ్చు. వాడూ ఆ ముఠావాడే. ఇక మీదట ఒక్క రూపాయి కూడా పంపకండి.

ఫోను పగిలినా సాక్ష్యం పోలేదు. ఇన్‌స్టాగ్రామ్ సంభాషణలు ఫోన్లో ఉండవు, ఖాతాలో ఉంటాయి. ఆ సిమ్ ఇంకో ఫోన్లో వేసి, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఖాతా తెరవండి. బెదిరించిన మాటలన్నీ స్క్రీన్‌షాట్లు తీయండి. అవతలివాడి పేరు కాదు, యూజర్‌నేమ్ ముఖ్యం. పైన కనిపించే పేరు ఎన్నిసార్లయినా మార్చుకుంటారు, అందుకని ప్రొఫైల్ లింకు కాపీ చేసుకోండి. వాళ్లు ఫోన్ చేసిన నంబర్లు రాసుకోండి. మీ ఫోన్‌పేలో ఆ చెల్లింపులు ఒక్కొక్కటీ తెరిస్తే యూటీఆర్ అని పన్నెండు అంకెల సంఖ్య కనిపిస్తుంది. దాన్నీ, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీనీ రాసి పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాకే ఆ ఖాతాని బ్లాక్ చేయండి. భయంతో ముందే అన్నీ చెరిపేస్తే పట్టుకోవడానికి దారి మిగలదు.

తర్వాత 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల ఫిర్యాదులకి ప్రభుత్వం పెట్టిన నంబరు. డబ్బు పోయినప్పుడు ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ముని అవతలి ఖాతాలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. మీకు ఇప్పటికే కొంత ఆలస్యమైంది, అయినా చేయండి, ఆ ఖాతా ఇంకా ఎందరి దగ్గర పిండుతోందో. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. అందులో మహిళలు, పిల్లలకు సంబంధించిన నేరాలకి వేరే విభాగం ఉంది. నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లినా తీసుకోవాలి. “ఇది మా పరిధి కాదు” అంటే జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే ఎఫ్ఐఆర్, రాయమని అడగండి.

ఒక్క జాగ్రత్త. సాక్ష్యం కదా అని ఆ వీడియోని మీ బావమరిదికో, తెలిసిన లాయరుకో వాట్సాప్‌లో పంపకండి. పిల్లల అలాంటి వీడియో ఎవరు ఎవరికి పంపినా నేరమే. దాచుకోవడం కూడా నేరం కావచ్చని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది. పోలీసులు అడిగినప్పుడు వాళ్లకి చూపించండి, అంతే.

వీడియో నిజంగా బయటికి వస్తుందన్న భయం ఉంటే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం అమెరికాలో పనిచేసే ఎన్‌సీఎంఈసీ సంస్థ 2023లో మొదలుపెట్టింది. ఏ దేశం నుంచైనా, పేరు చెప్పకుండానే వాడుకోవచ్చు. మీ ఫొటో గానీ వీడియో గానీ ఎక్కడికీ వెళ్లదు. మీ ఫోన్లోనే దాని నుంచి ఒక సంకేతం, వేలిముద్ర లాంటిది తయారై అది మాత్రమే వెళుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ వంటివి ఆ సంకేతంతో సరిపోలే దృశ్యం తమ దగ్గర కనిపిస్తే తొలగిస్తాయి. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేదాన్ని మాత్రం అది ఆపలేదు. చుట్టాల్లో ఎవరికైనా అందిందని తెలిస్తే మీరే ఫోన్ చేసి “మావాణ్ణి ఎవరో మోసం చేశారు, పోలీసులకి చెప్పాం, తెరవకుండా తీసేయండి” అనండి. తండ్రి నోటి నుంచి ఆ మాట వచ్చాక ఇంకెవరూ నోరెత్తరు.

కొట్టిన సంగతి రాశారు. అది జరిగిపోయింది. కొత్త ఫోను కొనిచ్చే రోజున మాత్రం ఇలా చెప్పండి: “ఇందులో ఏం జరిగినా, నువ్వే తప్పు చేసినా, నాకు చెబితే ఈ ఫోను తీసుకోను.” చెప్పాక ఆ మాట మీద నిలబడండి.

ప్రశ్న: మా పాపకి పదకొండేళ్లు. క్లాసులో అందరికీ ఇన్‌స్టాగ్రామ్ ఉందని ఏడిస్తే పుట్టిన సంవత్సరం 1999 అని పెట్టి నేనే తెరిచి ఇచ్చాను. ఎవరెవరో “హాయ్” అని మెసేజీలు పెడుతున్నారు. ఏ సెట్టింగు మార్చాలి? — ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, సెట్టింగుతో పోయేది కాదు. ఆ 1999 అనే అంకె మీ పాపని ఇన్‌స్టాగ్రామ్ లెక్కలో పెళ్లీడు దాటిన ఆడమనిషిని చేసింది. పదమూడు నిండనివాళ్లు అందులో ఉండకూడదని వాళ్ల నియమం. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలకి ‘టీన్ అకౌంట్’ అని వేరే ఏర్పాటు ఉంది, మన దేశంలో 2025 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది. తాము ఫాలో అయ్యేవాళ్లు, ముందే పరిచయం కలిపినవాళ్లు తప్ప కొత్తవాళ్లు మెసేజి పెట్టలేరు. రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్లు మోగవు. పదహారేళ్ల లోపు పిల్లలు వీటిని సడలించుకోవాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. వయసు ఎక్కువ వేసిన పిల్లలకి ఈ రక్షణల్లో ఒక్కటీ అందదు, పైగా పెద్దవాళ్లకి చూపించే ప్రకటనలు, రీళ్లు చూపిస్తుంది.

ఈ ఖాతా తీసేయండి. తీసేముందు ఆ “హాయ్”లు ఎవరివో పాపతో కలిసి చూడండి. ఫొటో పంపమని గానీ, అమ్మకి చెప్పొద్దని గానీ ఎవరైనా రాసి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి, ఫిర్యాదు చేశాకే తీసేయండి. పదమూడు నిండాక అసలు పుట్టిన తేదీతో తెరుద్దామని ఇప్పుడే మాటివ్వండి. క్లాసులో అందరికీ ఉందన్న మాట కూడా ఒకసారి ఆ పిల్లల అమ్మలని అడిగి చూడండి. నేను మాట్లాడిన స్కూళ్లలో ప్రతి తల్లీ మిగతా తల్లులందరూ ఇచ్చారనుకునే ఇచ్చింది. నలుగురు తల్లులు కలిసి ఇంకో రెండేళ్లు ఆగుదామనుకుంటే ఏ పిల్లకీ చిన్నతనం ఉండదు.

ప్రశ్న: టీచర్, నేను తొమ్మిదో తరగతి. యాన్యువల్ డే రోజు డ్యాన్స్ డ్రస్‌లో దిగిన ఫొటో మా క్లాసు అబ్బాయిలు తీసుకుని ఏఐ యాప్‌లో పెట్టి బట్టలు లేనట్టు చేశారు. గ్రూపులో తిరుగుతోంది. అది నేను కాదు. మా ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారు. ఎవరికీ తెలియకుండా తీసేయించే దారి చెప్పండి. (పేరు, ఊరు వేయడం లేదు)

జవాబు: తల్లీ, అది నువ్వు కాదు. నాకు తెలుసు, చూసినవాళ్లకీ తెలుసు. నువ్వు వేసుకున్న డ్రస్సులో, చేసిన డ్యాన్సులో, దిగిన ఫొటోలో ఏ తప్పూ లేదు.

పైన నల్గొండ వారికి చెప్పిన ‘టేక్ ఇట్ డౌన్’ నీకూ పనికొస్తుంది, ఎవరికీ పేరు చెప్పక్కర్లేదు. అయితే గ్రూపుల్లో తిరిగేదాన్ని ఆపాలంటే ఒక పెద్దమనిషి తోడు కావాలి. ఆ పెద్దమనిషి ఎవరన్నది నువ్వే ఎంచుకో. అమ్మకో నాన్నకో చెప్పలేకపోతే అత్తయ్య, పిన్ని, తాతయ్య, నీకు నమ్మకమున్న టీచరు, ఎవరైనా సరే. ఎవరూ తట్టకపోతే 1098కి ఫోన్ చెయ్యి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా తీస్తారు. పిల్లల కోసమే పెట్టిన నంబరు అది. చదువు మాన్పించి పెళ్లి చేస్తారన్న భయమూ వాళ్లకి చెప్పు. పద్దెనిమిది నిండకుండా ఆడపిల్ల పెళ్లి చేయడం నేరం, దాన్ని ఆపడం కూడా వాళ్ల పనే.

పోలీసులంటే భయపడుతున్నావేమో. పోక్సో చట్టంలో నీలాంటి పిల్లల కోసం కొన్ని సంగతులు రాసి పెట్టారు. నిన్ను స్టేషన్‌కి రమ్మనకూడదు, మీ ఇంట్లోనో నువ్వు కోరిన చోటనో మాట్లాడాలి. వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి, యూనిఫాంలో రాకూడదు. నీకు నమ్మకమున్న మనిషి పక్కనే ఉండాలి. నీ పేరు, ఫొటో, స్కూలు పేరు పత్రికల్లో వేయకూడదు. కంప్యూటర్‌తో తయారుచేసిన బొమ్మ కదా, నిజం ఫొటో కాదు కదా అని వాళ్లు తప్పించుకోలేరు. చూడ్డానికి నిజం పిల్లలానే ఉండే కల్పిత బొమ్మ కూడా నేరమేనని 2019లో ఆ చట్టాన్ని సవరించినప్పుడే చేర్చారు. తెలంగాణలో అయితే ఆడపిల్లల రక్షణ కోసం షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నాయి, 2014 నుంచి పనిచేస్తున్నాయి. వాళ్లకి ఫోన్లో చెప్పుకున్నా చాలు.

ఇక్కణ్ణుంచి హెడ్మాస్టర్లకి, ప్రిన్సిపాళ్లకి రాస్తున్నాను. ఇలాంటి సంగతి చెవిన పడ్డాక “పిల్లలు సరదాకి చేశారు, రెండు కుటుంబాలనీ పిలిచి సర్దేద్దాం, స్కూలు పరువు” అనే హక్కు మీకు లేదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష ఉంది, సంస్థను నడిపేవాళ్లకి ఇంకా ఎక్కువ. చేసిన అబ్బాయిలూ పిల్లలే, వాళ్ల విచారణ జువెనైల్ జస్టిస్ బోర్డు చూసుకుంటుంది, పెద్దల జైలుకి పంపరు. వాళ్లు మారడానికి దారి అక్కడుంది. అమ్మాయి బడి మానేసి అబ్బాయిలు బడిలో కొనసాగే రాజీ మాత్రం చేయకండి.

ఈ ఉత్తరం చదువుతున్న అమ్మలకీ నాన్నలకీ కూడా ఒక మాట. మీ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల ఉంటే ఇవాళ అన్నాల దగ్గర ఈ ప్రశ్న చదివి వినిపించి, “నీకు ఇలా జరిగితే నీ చదువు ఆపను, నీ పక్కన ఉంటాను” అని చెప్పండి. జరగకముందే చెప్పండి. ఇలాంటివి జరిగినప్పుడు పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగవద్దని పిల్లలకూ నా మనవి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. తనకి తెలియకుండా తన వాట్సాప్ నా ఫోన్లో కనిపించేలా చేసే యాప్ ఉందని ఆఫీసులో ఒకరు ఏపీకే ఫైలు పంపారు. వేయమంటారా? — హైదరాబాద్

జవాబు: వేయకండి. ప్లే స్టోర్‌లో కాకుండా బయటి నుంచి వచ్చే అలాంటి ఏపీకేలు ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడుగుతాయి. అది ఇస్తే తెర మీద కనిపించే ప్రతి అక్షరాన్నీ ఆ యాప్ చదవగలదు. మెసేజీలు, పాస్‌వర్డులు, బ్యాంకు ఓటీపీలు, అమ్మాయి ఫొటోలు మీ ఫోనుకే వస్తున్నాయని మీరనుకుంటారు. అవి ముందు చేరేది ఆ యాప్ తయారుచేసిన వాడి కంప్యూటర్‌కి. బిడ్డని కాపాడబోయి బిడ్డ ఫోను తాళంచెవి ముక్కూమొహం తెలియనివాడి చేతికి ఇచ్చినట్టవుతుంది.

రెండో సంగతి. పదిహేడేళ్ల పిల్ల ఈరోజు కాకపోతే రేపు కనిపెడుతుంది. కనిపెట్టాక మీకు తెలియని ఇంకో ఖాతా తెరుస్తుంది, అప్పుడు నిజంగా ఏదైనా జరిగినా మీకు తెలిసే దారి పోతుంది. ఐదారు తరగతుల పిల్లల ఫోను పెద్దవాళ్లు చూడొచ్చు, చూడాలి, చూస్తామని చెప్పి మరీ చూడాలి. ఇంటర్ పిల్లతో అయితే కూర్చుని మాట్లాడాలి. మీకు భయం దేని గురించో ఆ సంగతే అడగండి. ప్రేమ వ్యవహారం గురించి అయితే అది ఇంటర్నెట్ సమస్య కాదు, ఈ శీర్షికలో దానికి జవాబు లేదు.

ప్రశ్న: మా ఆవిడ పాప ఫొటోలు రోజూ ఫేస్‌బుక్‌లో పెడుతుంది. వద్దంటే గొడవ. ఎవరిది తప్పు? — ఒంగోలు

జవాబు: మీ ఇంటి గొడవ నేను తీర్చలేను గానీ కొన్ని ఫొటోలు మాత్రం ఇద్దరూ కలిసి తీసేయండి. స్కూలు పేరు కనిపించే యూనిఫాం, ఐడీ కార్డు, బస్సు నంబరు, ఇంటి ముందు వీధి బోర్డు, స్నానం చేయించేటప్పుడు తీసినవి. పుట్టినరోజు కేకు మీద పాప పూర్తి పేరూ వయసూ ఉంటే అదీ. మిగిలినవి స్నేహితులకి మాత్రమే కనిపించేలా మార్చండి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఉత్తరం పైన ఉంది, ఆవిడతో చదివించండి.

ప్రశ్న: నాలుగేళ్ల బాబు, యూట్యూబ్ లేకపోతే ముద్ద మింగడు. పిచ్చి పిచ్చి వీడియోలు వస్తున్నాయి. — ఖమ్మం

జవాబు: మామూలు యూట్యూబ్ తీసేసి యూట్యూబ్ కిడ్స్ వేయండి. అందులో మీరు ఎంచిన వీడియోలు మాత్రమే వచ్చేలా పెట్టే వీలుంది, అప్పుడు వెతకడం కూడా ఆగిపోతుంది. ఆటోప్లే ఆపండి. చేతిలో ఫోను కాకుండా హాల్లో టీవీలో, శబ్దం మీకూ వినిపించేలా పెట్టండి. అన్నం దగ్గర మానిపించడానికి కొన్నాళ్లు ఏడుపు భరించాలి. ఆకలేస్తే తింటాడు.

ప్రశ్న: అమ్మా, మా కూతురు కువైట్‌లో పనిచేస్తోంది. మనవడు నా దగ్గర ఆరో తరగతి చదువుతున్నాడు. కూతురు ఫోన్ చేయాలి కాబట్టి టచ్ ఫోను ఉంది, వాడు దాంట్లో ఎప్పుడూ ఫ్రీ ఫైర్ ఆడతాడు. ఆటలో ఎవరో అన్న డైమండ్లు ఇస్తానన్నాడని, మన నంబరుకొచ్చే అంకెలు చెప్పమన్నాడని అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు. ఈ ఉత్తరం మా పక్కింటి పిల్ల రాసి పెడుతోంది. — రాజంపేట

జవాబు: పెద్దమ్మా, ఇన్ని ఉత్తరాల్లో మీ మనవడొక్కడే తనంతట తానొచ్చి ఇంట్లో చెప్పాడు. మీ దగ్గర వాడికి భయం లేదు కాబట్టి చెప్పాడు. మీకు ఇంగ్లీషు రాకపోతే ఏం?

ఆ అంకెలు ఎవరికీ చెప్పవద్దనండి. అవి చెబితే వాడి ఆట ఖాతా పోవచ్చు, మీ బ్యాంకు డబ్బూ పోవచ్చు. ఆటలో డైమండ్లు అంటే డబ్బుపెట్టి కొనేవి, వాటితో బట్టలు, తుపాకుల రంగులు కొనుక్కుంటారు. ముక్కూమొహం తెలియని పిల్లవాడికి ఎవరూ ఊరికే ఇవ్వరు. ముందు డైమండ్లు ఇచ్చి, తర్వాత “ఆట వదిలి టెలిగ్రామ్‌లోకి రా” అంటారు, ఆ తర్వాత ఫొటో అడుగుతారు, ఇంట్లో చెప్పొద్దంటారు. ఈ వరసంతా మనవడికి కథలా చెప్పించండి. ఆ “అన్న”ని స్నేహితుల జాబితా నుంచి తీసేయమనండి. తెలియనివాళ్లతో మైకులో మాట్లాడడం ఆపించండి. బడిలో స్నేహితులతో కలిసి ఆడుకోనివ్వండి. ఫ్రీ ఫైర్‌ను మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది, ఇప్పుడు పిల్లలు ఆడేది దాని మ్యాక్స్ రకం. అది ప్లే స్టోర్ నుంచి వేసిందేనా, ఎవరో పంపిన లింకు నుంచి వేసిందా అని పక్కింటి అమ్మాయిని ఒకసారి చూడమనండి. లింకు నుంచి వేసిందైతే తీసేయించండి.

మీరు చేయాల్సిన ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. కూతురు పంపే డబ్బు పడే బ్యాంకు ఖాతాకి ఏ నంబరు ఇచ్చారో చూడండి. ఆ సిమ్ మనవడు ఆడే ఫోన్లో ఉండకూడదు. తీసి మీ బటన్ ఫోన్లో వేసుకుని మీ దగ్గరే పెట్టుకోండి. ఆట ఫోనుకి వేరే సిమ్ వేయించండి. అప్పుడు అంకెలొచ్చినా మీ చేతికే వస్తాయి.

ఈ కిందిది మీ అమ్మాయికి ఫోన్లో చదివి వినిపించమనండి. అమ్మా, గూగుల్ ఫ్యామిలీ లింక్ అని ఉచిత యాప్ ఉంది. బాబుకి అసలు వయసుతో ఖాతా తెరిచి నీ ఖాతాకి కలిపితే, కువైట్ నుంచే వాడి ఫోను రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలో, ఆటకి రోజుకి ఎంతసేపో నువ్వు పెట్టొచ్చు. కొత్త యాప్ ఏది వేయాలన్నా నీ ఫోనుకి అడుగుతుంది. కుటుంబంలోని ఖాతాలన్నీ ఒకే దేశానివై ఉండాలని గూగుల్ నియమం, కాబట్టి మన దగ్గర ఉన్నప్పుడు తెరిచిన ఖాతానే వాడు. ఫోన్ చేసినప్పుడల్లా “చదివావా” అని అడిగేముందు ఇవాళ ఆటలో ఎవరితో ఆడావు, ఎవరు గెలిచారు అని అడుగు. వాడు గెలిచింది చెబుతాడు, ఆ వెనకాలే మిగతావీ చెబుతాడు.

పెద్దమ్మా, వాడు ఆడేటప్పుడు మీ మంచం పక్కనే కూర్చోమనండి. ఆ తెర మీద ఏముందో మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఎవరితో మాట్లాడుతున్నావురా అని మీరు అడిగితే వాడు చెబుతాడు. మళ్లీ ఎవరైనా అంకెలు గానీ ఫొటో గానీ అడిగితే ఫోన్ చేయడానికి 1930 నంబరు గోడ మీద క్యాలెండర్ పక్కన పెద్ద అక్షరాలతో రాయించి పెట్టుకోండి.